పాత డీజిలు ఎస్టేటు కారు: కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష

గత సంవత్సరము తలిదండ్రుల సమావేశము ముగిసిన పిదప, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రి నన్ను వసారాలో నిలిపి ఒక మాట అడిగిరి. ఆయన హోసూరు తాలూకాలో గులాబితోట సాగుచేయు రైతు. "అయ్యవారూ, బెంగుళూరులో ఒక పాత డీజిలు కారు ఉండాదని చెప్పినారు. వెనక పెద్ద డిక్కీ ఉండే బండి. ఇంటిల్లిపాదీ పోవచ్చు, పూలబుట్టలు రెండు పెట్టుకోవచ్చు. కొనేదా, వద్దా?" ఆయన సిద్ధపరచిన సొమ్ము కుమార్తె పైచదువునకై దాచినదానిలో సగమని నాకు తరువాత తెలిసినది.

తెలుగు పండితుని కారు సంగతి అడుగుట వింతగా తోచవచ్చును. తిరుపతిలో పండిత శిక్షణ పొందిన దినములలో మాకు ఛందస్సు నేర్పిరే కాని ఇంజను నేర్పలేదు. అయినను ఆయన నన్నడుగుటకు కారణము కలదు. కొన్నేండ్ల క్రిందట నేనును అట్టి బండినే కొని మోసపోయిన సంగతి మా వీధిలో ఎఱుగనివారు లేరు. ఆ నష్టముతో నేర్చుకొన్నదియు, పిమ్మట మెకానిక్కుల యొద్ద నిలబడి విని తెలిసికొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాను. విద్యార్థులు దీనిలోని యంత్రశాస్త్రమును, తలిదండ్రులు దీనిలోని లెక్కను గమనింతురు గాక.

ముందుగా ఎస్టేటు కారనగా నేమో చెప్పవలెను. సామాన్యమైన కారులో ఇంజను ముందును, మనుష్యులు నడుమను, సామానుపెట్టె వెనుకను వేఱువేఱుగా నుండును. ఎస్టేటు కారులో పైకప్పు వెనుకకొన వరకు సాగి, మనుష్యుల గదియు సామానుగదియు ఒకటే యగును. వెనుక తలుపు పైకి లేచును. వెనుక సీటు మడచినచో ఒక మనిషి కాళ్లు చాచి పండుకొనునంత చోటు దొరకును. ఇంగ్లండులో పెద్ద భూస్వాములు తమ ఎస్టేటుల పనులకు వాడుటచే దీనికి ఎస్టేటు కారనియు, అమెరికాలో రైలు స్టేషనునుండి ప్రయాణికులను సామానుతోకూడ చేర్చు బండి యగుటచే స్టేషన్ వాగన్ అనియు పేర్లు వచ్చినవి.

మన దేశములో ఈ జాతి కార్లు విశేషముగా చెలామణి కాలేదు. టాటావారు 1992లో ఎస్టేటు అను పేరుతోనే ఒక డీజిలు బండిని విడుదల చేసిరి. 2004లో వారే ఇండిగో మరీనా అను దానిని తెచ్చిరి. దీనిలో ఇండికా కారుకు వాడిన 1405 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను కలదు. ఈ రెండును నేడు తయారగుట లేదు. కనుక ఎస్టేటు కావలెనన్నవారికి పాతబండియే గతి. మన రైతు విన్నదియు ఒక మరీనాయే.

ఇట్టి బండి కొనుటలో ఒక మేలును ఒక కీడును కలవు. ఇండికా జాతి బండ్లు టాక్సీలుగా ఊరూర తిరిగినవి. అందుచే ఇంజను సామాను ఏ పట్టణములో నైనను దొరకును. దానిని విప్పి బిగింపగల మేస్త్రీలు కృష్ణగిరిలోను హోసూరులోను కావలసినంతమంది యున్నారు. కాని వెనుక తలుపు, దాని పెద్ద అద్దము, వెనుక దీపముల గాజులు ఎస్టేటుకు మాత్రమే చెందినవి. అవి పగిలిన యెడల పాతసామాను అంగళ్లలో వెదకవలసినదే. వాని రూపము చెడకుండ నున్నదా యని మొట్టమొదట చూడుడు. ఇంజను పోయిన బండిని బాగుచేయవచ్చును గాని వెనుక అద్దము లేని బండిని వానకాలములో ఏమి చేయుదుము?

ఇక ఇంజను సంగతి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వచే ఇంధనమును మండింతురు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. జర్మను దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున చక్కగా నడపి చూపిన ఈ యంత్రములో, గాలిని మిక్కిలి యొత్తిడితో అదిమినప్పుడు పుట్టు వేడియే నిప్పు. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము కాలుట మీరెఱిగినదే గదా! ఆ వేడిని ఎన్నోరెట్లు పెంచినట్లు భావింపుడు. పాతకాలపు డీజిలు కార్లలో గాలి తన మొదటి పరిమాణమున సుమారు ఇరువదవ వంతునకు అణచబడును. అప్పుడు దాని వేడి అయిదువందల డిగ్రీల సెంటీగ్రేడును దాటును. అందులోనికి సన్నని తుంపరగా డీజిలు చిమ్మినంతనే అది దానంతట అంటుకొనును.

దీనినుండియే పరీక్ష యంతయు పుట్టుచున్నది. ఇంజను లోపల అరిగిన కొలది అదిమిన గాలి సందులనుండి జారిపోవును. జారిపోయిన కొలది వేడి తగ్గును. వేడి తగ్గిన కొలది చల్లని ఇంజను అంటుకొనుట కష్టమగును. అయితే ఒకసారి నడచి కాగిన పిదప లోహము వ్యాకోచించి సందులు కొంత మూసికొనును, గోడల వేడి గాలికి తోడగును. అప్పుడు ముసలి ఇంజను కూడ పడుచుదానివలె ఒక్క తిప్పునకే పలుకును. కాబట్టి డీజిలు బండి నిజము చెప్పునది చల్లగా నున్నప్పుడు మాత్రమే.

నేను మోసపోయినది ఇచ్చటనే. నా బండిని చూడబోయినది మే నెలలో మిట్టమధ్యాహ్నము. అమ్మువాడు, "ఇప్పుడే పాలు తేవడానికి పోయి వచ్చితిని సార్" అనెను. మధ్యాహ్నము రెండు గంటలకు పాలేమిటని నాకు తోచలేదు. తాళము తిప్పిన వెంటనే ఇంజను పలికినది. సంతోషించి ఆ సాయంకాలమే సొమ్ము చెల్లించితిని. కార్తికమాసము వచ్చి హోసూరు చలి మొదలైనంతనే ఆ బండి నిజస్వరూపము బయటపడినది. మన ఊరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. తెల్లవారుజామున చలి డీజిలు ఇంజనులకు మంచి పరీక్షాధికారి. ఇరుగుపొరుగువారు పిల్లలను బడికి పంపు వేళలో నా వాకిట పొగ మేఘమువలె క్రమ్మెడిది.

మన రైతును వెంటబెట్టుకొని నేనొక మేస్త్రి యొద్దకు పోయితిని. ఆయన మాతృభాష తమిళము. తెలుగు చక్కగా మాటలాడును. ఆయన అడిగిన మొదటి మాట: "బండిని వేడిగా ఉండినప్పుడు చూస్తిరా, చల్లగా ఉండినప్పుడు చూస్తిరా?" రెండవ మాట: "ముందు రోజే చెప్పి పోకండి. పొద్దున్నే ఆరుగంటలకు పోయి బానెట్టు మీద చెయ్యి పెట్టండి."

ఆ ప్రకారము మేము మువ్వురము ఒక ఆదివారము వేకువనే బయలుదేరి అత్తిబెలె దాటి బెంగుళూరు చేరితిమి. ఆ యుదయము రెండు బండ్లను, మరుసటి వారము ఒక బండిని చూచితిమి. మొదటి బండి బానెట్టు ఆరున్నర గంటలకే వెచ్చగా నుండెను. మేస్త్రి దానిపై చేయి యుంచి, ఏమియు ననక, మా వంక చూచి నవ్వెను. మేము కాఫీ త్రాగి వచ్చితిమి. బండిని మరల చూడలేదు.

రెండవ బండి చల్లగా నుండెను. తాళమును సగము త్రిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు మీద చుట్టచుట్టిన తీగవంటి పసుపుపచ్చ గుర్తు వెలుగును. అది హీటరు ప్లగ్గుల దీపము. ఆ ప్లగ్గులు ఇంజను గదులను కాచుచున్నవని దాని యర్థము. అది ఆరిపోయిన తరువాతనే పూర్తిగా త్రిప్పవలెను. చాలమంది తొందరపడి ముందే త్రిప్పి ఇంజనును నిందింతురు. రెండుమూడు సెకండ్లలో పలికి, కొంచెము తెల్లపొగ విడిచి, క్షణములలో స్తిమితపడినచో మేలు. ఎంతసేపు త్రిప్పినను పలుకక, పలికినను ఒక కాలు కుంటినట్లు కొట్టుకొనుచున్న యెడల హీటరు ప్లగ్గులు పోయియుండవచ్చును. అది చిన్న ఖర్చు. ప్లగ్గులు సరిగా నుండియు అట్లే యున్నచో లోపల అరుగుదలయే. అది పెద్ద ఖర్చు.

పొగ రంగును చదువుట నేర్వవలెను. ఇంజను కాగిన పిదపను తెల్లపొగ ఆగకున్న యెడల డీజిలు మండక బయటికి పోవుచున్నదనియైనను, రేడియేటరు నీరు లోనికి దిగుచున్నదనియైనను తెలియదగును. ఆ పొగలో తియ్యని వాసన యున్నచో కూలెంటు నీరేయని అనుమానింపవలెను. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటకు గుర్తు. నల్లపొగ ఎక్కుడు బరువులోను గట్టెక్కునప్పుడును కొంచెము వచ్చుట పాత డీజిలులకు సహజమే. సమతలముమీద కూడ కాటుక పోసినట్లు వచ్చినచో గాలి వడపోత మూసికొనుటయో, నాజిళ్లు చెడుటయో, పంపు సర్దుబాటు తప్పుటయో అయియుండును.

ఇంజను తిరుగుచుండగా ఆయిలు పోయు మూత విప్పి చూచు పరీక్షను మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ చూచుట యందురు. పిస్టన్ల ప్రక్కనుండి జారిన గాలి ఆ రంధ్రమునుండి వెలువడును. మెల్లని ఊపిరివలె వచ్చిన దోషము లేదు. పొగబండివలె బుస్సుబుస్సుమని కొట్టుచు, మూతను ఊరక పైనుంచినచో అది ఎగిరిపడిన యెడల ఆ ఇంజను విప్పక తప్పదు. రెండవ బండి మూత ఎగిరి నేలబడినది. అమ్మువాడు దానిని ఏరి తుడిచి, "పాత డీజిలు అంతా ఇట్లే" అని కన్నడములో అనెను. అంతా అట్లే కాదు.

ఆయిలు కొలమానపు పుల్లను తీసి చూచునప్పుడు మనవారు ఒక పొరపాటు చేయుదురు. ఆయిలు నల్లగా నున్నదని బెదరుదురు. డీజిలు ఇంజనులో మసి కలియుటచే ఆయిలు మార్చిన కొలది దినములకే నల్లబడును. అది రోగము కాదు. తేనెరంగుతో మెరయుచున్నదే అనుమానింపదగినది, నిన్ననే మార్చిరన్నమాట. ఎందుకు మార్చిరో అడుగుడు. ఒక్కొక్కప్పుడు చప్పుడు అణగుటకు మిక్కిలి చిక్కని ఆయిలు పోయుటయు కలదు. మూత అడుగున పాలమీగడవంటి పదార్థము కనబడినను, రేడియేటరు నీటిపై నూనెతెట్టు తేలినను ఆయిలును నీరును లోపల కలియుచున్నవి. హెడ్ గ్యాస్కెట్టు చెడినదని తలచి మరలిపొండు. రేడియేటరు మూతను చల్లగా నున్నప్పుడే విప్పవలెను. వేడిమీద విప్పి ముఖము కాల్చుకొన్నవారు కలరు. పిల్లలు దాని యొద్దకు పోరాదు.

ఇప్పుడు నా కథలోని రెండవ భాగము. ఇండికా జాతి 1.4 లీటరు డీజిలు ఇంజనులోను, అట్టి మరికొన్ని ఇంజనులలోను టైమింగు బెల్టు అను పండ్లుగల రబ్బరు పట్టీ కలదు. పిస్టన్లు పైకి వచ్చు వేళకు వాల్వులు మూసికొని యుండునట్లు ఆ రెండింటి నడుమ తాళము తప్పకుండ కాపాడునది ఈ పట్టీయే. డీజిలులో గాలిని అంతగా అణచుటకై పిస్టను తలకును వాల్వుకును మధ్య సందు స్వల్పముగా నుంచుదురు. పట్టీ తెగినచో పిస్టను పోయి తెరచియున్న వాల్వును గుద్దును. వాల్వులు వంగును, ఒక్కొక్కప్పుడు హెడ్డే పగులును. ఇది ముందుగా చప్పుడు చేసి హెచ్చరింపదు. అరిగిన బ్రేకు కీచుమనును, చెడిన క్లచ్చి జారును. ఈ పట్టీ మాత్రము తెగు క్షణము వరకు మౌనముగానే యుండును.

నా బండి పట్టీ శూలగిరి దాటిన పిదప, ఒక గట్టు ఎక్కుచుండగా తెగినది. బండిలో నా భార్యయు, మా అత్తగారును, ఇద్దరు పిల్లలును ఉండిరి. టక్కుమని ఒక శబ్దము. అంతే, ఇంజను ఆగిపోయెను. వెనుక వచ్చుచున్న లారీవాడు చూచి తప్పించుటచే ప్రాణములు దక్కినవి. మరమ్మతునకైన ఖర్చు బండివెలలో మూడవవంతును మించినది. "బెల్టు ఎప్పుడు మార్చినారు?" అని ఆనాడు మేస్త్రి అడిగినప్పుడు నా యొద్ద జవాబు లేదు. కొనునాడు అడుగవలెనని నాకు తెలియలేదు.

కాబట్టి బెల్టు మార్చిన రశీదు చూపుమని అడుగుడు. "మార్చినాము" అను నోటిమాటను లెక్కింపకుడు. రశీదులో తారీఖును, కిలోమీటర్లును ఉండవలెను. బండి పుస్తకములో ఇన్ని కిలోమీటర్లకో ఇన్ని సంవత్సరములకో మార్చవలెనని వ్రాసియుందురు. రబ్బరు ఊరక నిలిచియున్నను ఎండి పగులును గనుక తక్కువ తిరిగిన బండికి కూడ వయస్సు లెక్క తప్పదు. రశీదు లేనియెడల మార్చలేదనియే భావించి, బెల్టు, దానిని బిగించు చక్రము, ఒకే మారు విప్పుదురు గనుక నీటిపంపు, ఈ మూటి వెలను బండివెలనుండి తగ్గించి అడుగుట న్యాయము. కొని యింటికి వచ్చిన వారములోనే మార్పించుట మరింత క్షేమము. ఇంజనునుబట్టి బెల్టునకు మారుగా గొలుసు గాని పండ్లచక్రములు గాని యుండవచ్చును. మీరు చూచుచున్న దానిలో నేది కలదో ముందే తెలిసికొనుడు.

ఎస్టేటు బండి వెనుకభాగమును వేఱుగా పరీక్షింపవలెను. అది బరువు మోసిన భాగము. ఖాళీగా నిలిపినప్పుడే వెనుక క్రుంగియున్నదా? సామానుగదిలో పఱచిన చాపను ఎత్తి, అదనపు చక్రముండు గుంటలో వ్రేలు పెట్టి చూడుడు. తడిసిన పూలు, కూరగాయలు మోసిన బండ్లలో నీరు అచ్చటికే చేరి తుప్పు పట్టించును. వెనుక తలుపుచుట్టు రబ్బరు చినిగియున్నచో మరియొక యపాయము కలదు. బండి పోవునప్పుడు వెనుక గాలి సుడి తిరిగి సైలెన్సరు పొగను ఆ సందునుండి లోనికి లాగును. వెనుక కూర్చుండువారు పిల్లలే కదా. వారికి తలనొప్పి, వాంతి కలిగినచో ఘాటు రోడ్డును నిందింతుముగాని రబ్బరును చూడము. ఆ రబ్బరు మార్చుట పెద్ద ఖర్చు కాదు.

నీటమునిగిన బండ్ల విషయము కూడ చెప్పవలెను. 2015 డిసెంబరులో మద్రాసు నగరము వరదలో మునిగినది. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పుభాగములో కార్లు నీట నిలిచినవి. అట్టి బండ్లను కడిగి, సెంటు కొట్టి, వేఱు ఊళ్లలో అమ్ముట వాడుక. సీటుబెల్టును కొన వరకు లాగి చూడుడు. లోపల చుట్టలో మిగిలిన బురదచార కడిగినవానికి కనబడదు.

కిలోమీటర్ల మీటరును నమ్మరాదు. దానిని వెనుకకు త్రిప్పుట కష్టమైన విద్య కాదు. ఇచ్చట విద్యార్థులొక లెక్క చేయవచ్చును. 18 ఏండ్ల డీజిలు బండి 68,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినదనిరి. ఏటికి 3,800 కంటె తక్కువ, దినమునకు పదిమాత్రమే. ఎక్కువ తిరుగువారే గదా ఎక్కువ వెల పెట్టి డీజిలు కొనునది? క్లచ్చి పెడలు రబ్బరు అరిగి ఇనుము కనబడుచు, డ్రైవరు సీటు అంచు చినిగి, స్టీరింగు నున్నబడియుండ, మీటరు మాత్రము 68,000 చూపినచో దేనిని నమ్ముదుము?

నడపి చూచుట అందఱికిని తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. గుంతలబాటలో రేడియో కట్టి చెవియొగ్గుడు. గట్టెక్కించి, ఇంజను పరుగు హెచ్చుచు బండి వేగము హెచ్చకున్నచో క్లచ్చి జారుచున్నదని తెలిసికొనుడు. ఖాళీ రోడ్డుమీద బ్రేకు వేసి ఏ ప్రక్కకైనను లాగుచున్నదేమో చూడుడు. కాగిన ఇంజనును ఆపి పావుగంట తరువాత మరల పలికింపుడు. చల్లని పరీక్షలో నెగ్గి వేడి పరీక్షలో ఓడు ఇంధనపంపులును కలవు.

ఇక కాగితములు. సరిహద్దున నున్న మనకు ఇంజనుకంటె ఇవియే ఎక్కువ చిక్కు. కర్ణాటకలో నమోదైన బండిని తమిళనాడులో 12 నెలలకు మించి యుంచినచో ఇచ్చటి నంబరు తీసికొనవలెనని 1988 మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. దానికి మొదట నమోదు చేసిన కార్యాలయమునుండి 28వ ఫారముపై ఎన్.ఓ.సి. రావలెను. పేరు మార్పునకు 29, 30 ఫారములు కావలెను. బండిపై బ్యాంకు అప్పు ఉండి తీరినచో 35వ ఫారము కావలెను. కర్ణాటకలో జీవితకాలపు పన్ను కట్టితిమని అమ్మువారు చెప్పుదురు. నిజమే, కాని ఆ పన్ను ఆ రాష్ట్రమునకు. తమిళనాడు పన్ను వేఱుగా కట్టవలెను. అచ్చట కట్టినదానిలో మిగులుభాగమును తిరిగి పొందుటకు దరఖాస్తు చేయు వీలు కలదుగాని, ఆ తిరుగుట తిరిగినవారికే తెలియును. ఈ ఖర్చులన్నియు బండివెలలో చేర్చి ఆలోచింపవలెను.

ఆర్.సి.లోని ఛాసి నంబరును, ఇంజను నంబరును బండిమీద చెక్కిన యంకెలతో ఒక్కొక్కటిగా సరిపోల్చుడు. ఇది పిల్లలకు అప్పగింపదగిన పని. వారి కన్నులు మనకంటె చురుకైనవి. వాహన్ అను ప్రభుత్వపు కంప్యూటరు లెక్కలో నమోదు తేదీ, భీమా గడువు మొదలగునవి సెల్‌ఫోనులోనే చూడవచ్చును. సొంతబండికి మొదటి నమోదు 15 ఏండ్లకే చెల్లును. పిమ్మట పరీక్షకు చూపి 5 ఏండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. ఈ రుసుము 2022 ఏప్రిల్ 1నుండి కార్లకు 600 రూపాయలనుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000గా నిర్ణయించిరి. ఇవి మారుచుండును గనుక కొనునాటి రుసుమును కార్యాలయములో విచారించుకొనుడు. భీమాను మీ పేరికి మార్చుటకు 14 దినములలో దరఖాస్తు పెట్టవలెను. అమ్మువారికి కూడ ఒక మాట: పేరు మార్పించక బండి నప్పగింపరాదు. ప్రమాదము జరిగినచో లెక్కలో పేరున్న యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఉత్తరదేశమునుండి వచ్చు డీజిలు బండ్లు చౌకగా దొరకుటకు కారణము కలదు. ఢిల్లీ రాజధాని ప్రాంతములో 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత ధర్మాసనము 2015లో ఆదేశించినది. సుప్రీంకోర్టు 2018లో దానిని బలపరచినది. 2025లో ఆ విషయము మరల ఆ న్యాయస్థానము ముందుకు వచ్చినది. అచ్చట నిలువలేని బండ్లు పెక్కు దక్షిణమునకు దిగినవి. అందు మంచివియు లేకపోలేదు. కాని రెండువేల కిలోమీటర్ల దూరమునుండి ఎన్.ఓ.సి. తెప్పించుకొను ఓపిక యున్నవారే వాని జోలికి పోవలెను.

మరియొక చిక్కు మనది మాత్రమే. బెంగుళూరులో వ్రాయు ఒప్పందము కన్నడములో నుండును, ఇచ్చట పన్ను కాగితము తమిళములో నుండును, ఫారములు ఇంగ్లీషులో నుండును. మన తలిదండ్రులలో పెక్కుమంది ఈ మూడు భాషలును మాటలాడుదురు. చదువునది తెలుగు మాత్రమే. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు గనుక కూడబలుకుకొనవచ్చునుగాని "ఉన్నది ఉన్నట్లే" అను నొక పదములో ఎంత ప్రమాదమున్నదో కూడబలుకుటచే తెలియదు. ఆ పదముపై సంతకము చేసినచో తరువాత ఏ దోషము బయటపడినను అడుగుట కష్టము. చదువుకొన్న పిల్లవానిచేతనో, తెలిసినవారిచేతనో ప్రతి పంక్తియు చదివించి యర్థము చెప్పించుకొన్న పిదపనే కలము పట్టవలెను.

అసలు డీజిలు కావలెనా యను ప్రశ్న నేను చివరకు దాచితిని. మన రైతు కూడ చివరనే అడిగిరి. ఏటికి 6,000 కిలోమీటర్లు తిరుగుదమనుకొందము. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చు డీజిలు బండికి 375 లీటర్లును, 12 ఇచ్చు పెట్రోలు బండికి 500 లీటర్లును పట్టును. డీజిలు 92, పెట్రోలు 100 రూపాయలని పెట్టుకొన్నచో 34,500కును 50,000కును తేడా 15,500. ఇంధనపంపును నాజిళ్లను ఒకసారి బాగుచేయించినచో ఒక యేటి మిగులు అందులోనే పోవును. ఏటికి 6,000 కంటె తక్కువ తిరుగువారు పాత డీజిలు కొనుట నాకు సమ్మతము కాదు. మన రైతు లెక్క వేఱు. వారమునకు నాలుగుసార్లు తోటకును ఊరికిని, నెలకు రెండుసార్లు తల్లిని వైద్యమునకై బెంగుళూరునకు. ఏటికి 14,000 దాటునని కుమార్తె కాగితముమీద వేసి చూపినది. అయితే తెల్ల నంబరు బండిని బాడుగకు త్రిప్పరాదని ఆయనకు గట్టిగా చెప్పితిని.

మరుసటి వారము చూచిన మూడవ బండి చూడ ముచ్చటైనది కాదు. ఎడమ తలుపు సొట్టపడి, రంగు వెలసి, మీటరు 1,60,000 చూపుచుండెను. అమ్ముచున్నది పదవీవిరమణ పొందిన ఒక పెద్దమనిషి. తెల్లవారి ఆరుగంటలకు బానెట్టు మంచువలె చల్లగా నుండెను. దీపము ఆరెను, తాళము తిరిగెను, బండి పలికెను. పొగ క్షణములో ఆగెను. మూత ఎగురలేదు. ఆయన అట్టపెట్టెలో పదునాలుగేండ్ల రశీదులను తారీఖుల వరుసను కట్టి యుంచిరి. బెల్టు మార్చినవి అందు రెండు కలవు, రెండవది నాలుగేండ్ల క్రిందటిది. మేస్త్రి రశీదులు చూచి, "అయ్యవారూ, ఇది చెప్పుకోదగిన బండి" అనెను. రబ్బరు వయస్సును, వెనుక తలుపు రబ్బరు చినుగును లెక్కించి, ఇరువురు చర్చించి కొంత తగ్గించుకొనిరి. ఎన్.ఓ.సి. వచ్చుటకు ఆరు వారములు పట్టినది. అంతవరకు సొమ్ములో పావుభాగము చెల్లింపక నిలిపియుంచిరి.

కొన్న నాలుగవ దినమున మా మేస్త్రి షెడ్డులో కొత్త బెల్టు వేసిరి. ఆ బాలిక ఒక కాగితముపై తారీఖును, కిలోమీటర్లను, మరల మార్చవలసిన నాటిని తెలుగులో గుండ్రని యక్షరములతో వ్రాసి బానెట్టు లోపల అంటించినది. మేస్త్రి దానిని చూచి, "నాకు ఇది చదివే దానికి రాదమ్మా, కింద తమిళంలో కూడ రాయి" అనెను. ఆమె కలము తీసికొని దానిక్రింద తమిళములో వ్రాసినది.